విప్పి కట్టిన ముడి

జంతువులకు చదువెక్కడిదని మొదట్లోనే అడ్డుపడకండి. నీలిగట్టు అడవిలో బడి లేదు గానీ చదువుంది. ఎండిన టేకాకు మీద గోటితోనో గిట్టతోనో గీసుకుంటారు, మడుస్తారు, తాతల నాటి నుంచీ ఏటికి అవతల ఉన్న అయినవాళ్లకు పంపుకుంటారు. మొన్నటి కరువుకు మందలు చీలిపోయి సగం అవతలి ఒడ్డుకు వలసపోయాయి. ఈ ఒడ్డున తల్లి ఉంటే ఆ ఒడ్డున పిల్ల ఉంది. ఆకు అందితేనే కబురు, లేకపోతే లేదు.

ఆ ఆకులన్నీ రేవులో మద్దిచెట్టు మీద కూర్చునే పోగయ్య చేతి మీదుగా పోవాల్సిందే. చేతి మీదుగా అంటే ముక్కు మీదుగా. పోగయ్య గిజిగాడు. వయసు మళ్లినవాడు, పెళ్లాం పోయినవాడు. మడిచి తెచ్చిన ఆకు చుట్టూ రెల్లుపోచ తిప్పి ఒక ముడి వేసేవాడు. ఆ ముడి అడవి మొత్తంలో ఇంకెవరికీ రాదు. తెంపాలంటే ఎవరైనా తెంపొచ్చు, తెంపితే తెలిసిపోతుంది. తెంపకుండా విప్పాలంటే మాత్రం పోగయ్య ముక్కే కావాలి. ముడి సరిగ్గా ఉందని చూసుకున్నాకే గాడిద ఓబులు ఆకుల మూటను మెడకు తగిలించుకుని ఏరు దాటేవాడు.

మద్ది మొదట్లో ఒక రాయి ఉంది. ఇప్పటి పులిరాజు తాతగారు దాని మీద చట్టం చెక్కించాడు. ఆకు ఎవరి పేరున ఉందో వారి పన్నే ముడి తెంపాలి, ఇంకొకరు విప్పితే చావు తప్పదు, రాజైనా సరే పరుల ఆకు ముట్టరాదు. ఇంతే. తాతగారు వేటలో ఎంత క్రూరుడైనా ఈ ఒక్క విషయంలో పెద్దమనిషి అనిపించుకుని పోయాడు.

పోగయ్యకు ఆ రాయంటే ప్రాణం. పన్నెండు వానాకాలాలుగా ఒక్కరి ఆకు కూడా చదివిన పాపాన పోలేదు. గాలికి తెరుచుకున్న ఆకు ఎదురుపడితే కళ్లు గట్టిగా మూసుకునేవాడు. "అన్నా, బాగా రాశానా చూడవూ?" అని ఎవరైనా బతిమాలినా మొహం తిప్పుకునేవాడు. పెళ్లాం బతికున్న రోజుల్లో ఆవిడ రాసిచ్చిన ఆకే చదవలేదని పక్క గూళ్లవాళ్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. పోగయ్య గొప్ప అదే. పోగయ్య కొంప ముంచిందీ అదే.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక పొద్దున దుప్పి గవరమ్మ రేవుకు వచ్చింది. నోట్లో మడిచిన ఆకుంది.

"అన్నా, కొంచెం గట్టిగా కట్టు. ఇది మా చుక్కికి."

"నా ముడి ఎప్పుడైనా జారిందా తల్లీ?"

"జారిందని కాదు. దానికి నెలలు నిండాయి. తొలి కాన్పు పుట్టింట్లో కాకపోతే ఇంకెక్కడ? ఏ రోజు రావాలో, ఏ దోవన రావాలో ఇందులో రాశాను. ఇంకో ప్రాణికి చెప్పలేదు. దాని తండ్రికి కూడా చెప్పలేదు, ఆయనకు నోట్లో నువ్వుగింజ నానదు."

"మరి నాకెందుకు చెప్తున్నావ్? చెప్పకు."

"నీకు చెప్పినా ఈ చెట్టుకు చెప్పినా ఒకటే కదన్నా," అని గవరమ్మ నవ్వింది. "పెద్ద రేవులో దాటితే రాజుగారి కంట పడుతుందని భయం. కడుపుతో ఉన్నది, పరిగెత్తలేదు. అందుకే ఇంత గుట్టు."

పోగయ్య పొంగిపోయాడు. రెండు పోచలు పేనుకుని మరీ ముడి వేశాడు. గవరమ్మ ఆ ముడిని ముక్కుతో ఒకసారి తాకి చూసుకుని వెళ్లిపోయింది.

ఆమె వెనక్కి తిరిగిందో లేదో, రెల్లుపొదల్లోంచి జంబన్న లేచి వచ్చాడు. జంబన్న నక్క. పులిరాజుకు మంత్రి. వేటలో సాయం చేసి, రాజు తిన్నాక మిగిలింది తినడం అతని ఉద్యోగం.

"పోగయ్యా, బాగున్నావా? రాజుగారు నిన్న కూడా నిన్నే తలుచుకున్నారు."

"నన్నా? నాతో ఆయనకేం పని మంత్రిగారూ?"

"పని ఉంది. అవతలి ఒడ్డున రాజుగారి తమ్ముడు కాచుక్కూర్చున్నాడు కదా. దుప్పులు ఆయనతో చేతులు కలిపి ఏదో కుట్ర చేస్తున్నాయని వినికిడి. ఇప్పుడు గవరమ్మ ఇచ్చిన ఆకు ఒకసారి విప్పు. చూసి ఇచ్చేస్తాను."

పోగయ్య రెక్కలు బిగుసుకున్నాయి. "అదెలా కుదురుతుందండీ? కింద రాయి మీద చట్టం ఉంది. మీరూ చదువుకున్నవారే."

"ఆ రాయి ఎవరు చెక్కించారు?"

"రాజుగారి తాతగారు."

"తాత పెట్టిన చట్టాన్ని మనవడు ఒక్క ఆకు కోసం సడలించకూడదా? నేను దొంగతనంగా విప్పమంటున్నానా? నేనే విప్పితే నేరం, ఒప్పుకుంటాను. రాజుగారి ఆజ్ఞ ఉంటే అది నేరం ఎలా అవుతుంది? కావలి కాయడం అవుతుంది." జంబన్న తోక కింద నుంచి ఒక టేకాకు తీశాడు. "ఇదిగో ఆజ్ఞ. నీ పేరునే. చదువుకో."

ఆకు అడుగున పులిరాజు పంజా ముద్ర ఉంది. నాలుగు వేళ్లూ, మడమా, అచ్చంగా ఆయనదే. అందులో అనుమానం లేదు. ముద్ర పైన ఏదో రాసుంది. పోగయ్య ముద్ర చూశాడు, రాత మీదికి చూపు పోకముందే కళ్లు తిప్పేసుకున్నాడు. పన్నెండేళ్ల అలవాటు మరి.

"నేనెవరి ఆకూ చదవనండి."

"అందుకేనయ్యా నువ్వంటే రాజుగారికి అంత గురి," అన్నాడు జంబన్న, ఎంతో గౌరవంగా. "ముద్ర చూశావుగా? చాలు. గూట్లో భద్రంగా దాచుకో. రేపెవరైనా అడిగితే నీకు ఆధారం ఉండాలి."

ముద్ర నిజమైనది. అడిగింది మంత్రి. కాదంటే రాజధిక్కారం. పైగా విప్పమన్నారే గానీ తనను చదవమనలేదు. తను ఏటి వైపు తిరిగి కూర్చుంటే తన నియమానికి వచ్చిన లోటేం లేదు. అలా తనకు తానే నచ్చజెప్పుకుని, రెండు పోచల ముడిని నెమ్మదిగా విప్పి, ఆకును వెనక్కి తోసి, నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

వెనకాల జంబన్న చదువుతున్న గుసగుస వినపడింది. రెక్కల్లో తల దూర్చి అది కూడా వినకుండా చేసుకున్నాడు. ఎంత నిజాయితీపరుడో చూడండి!

"ఏమీ లేదోయ్, పురిటి కబుర్లు," అన్నాడు జంబన్న ఆకు మడిచి ఇస్తూ. "అనవసరంగా అనుమానపడ్డాం. కట్టేసెయ్."

పోగయ్య ముడి మళ్లీ వేశాడు. ఓబులు వచ్చి మూట తీసుకుంటూ ఆగాడు.

"మావా, పోచ నలిగింది. ఏమన్నా జరిగిందా?"

"ఏం జరగలేదురా. గాలికి నలిగుంటుంది. పో."

అబద్ధం చెప్పడం పోగయ్యకు అదే మొదటిసారి.

మర్నాడు జంబన్న మళ్లీ వచ్చాడు. ఈసారి కుందేలు ఆకు. ఆ మర్నాడు అడవిపంది ఆకు.

"ఆజ్ఞ ఒక్క ఆకుకే అన్నారు కదండీ?"

"ఆ ఆజ్ఞ నీ గూట్లో ఇంకా ఉందా, ఎండి రాలిపోయిందా?"

"ఉందండి."

"ఉంటే అమల్లో ఉన్నట్టే. విప్పు."

పోగయ్య విప్పాడు. ప్రతిసారీ ఏటి వైపు తిరిగే కూర్చున్నాడు.

ఆరో రోజు సాయంత్రం ఏటికి ఎగువన, వెదురుపొదల దగ్గర అరుపు వినపడింది. ఒక్కటే అరుపు. కొంగలు గుంపుగా లేచిపోయాయి. ఆ తర్వాత ఏరు ఎప్పటిలాగే పారింది.

ఏడో రోజు పొద్దున్నే గవరమ్మ వచ్చింది. ఒళ్లంతా బురద. ఏడవడం లేదు. చెట్టు కింద నిలబడి పైకి చూసింది.

"అన్నా, కిందికి దిగు."

పోగయ్య రాయి మీద వాలాడు.

"మా చుక్కి నిన్న వెదురుపొదల దగ్గర ఏరు దాటింది. ఈ ఒడ్డున ఎదురుగా నేనున్నాను. అది నీళ్లలోంచి లేచి నన్ను చూసి తోక ఊపింది. పులి పొదలోనే ఉంది. తరుముకుని రాలేదు, వెతుక్కుంటూ రాలేదు. అక్కడ పడుకుని ఎదురుచూస్తోంది. రెండు ప్రాణాలన్నా. నా కళ్ల ముందే."

గవరమ్మ రాయికి ఇంకాస్త దగ్గరగా వచ్చింది.

"ఆ చోటు నేనెవరికీ చెప్పలేదు. ఆ ఆకు మీదే రాశాను. అవతల చుక్కి చేతికి ఇచ్చినప్పుడు ముడి తెగలేదని ఓబులు ఒట్టేస్తున్నాడు. తెగకుండా విప్పగలిగిన ముక్కు ఎవరిది?"

"నేను చదవలేదు గవరమ్మా! నీ మీదొట్టు, ఒక్క గీత కూడా చూడలేదు!"

"విప్పావా లేదా?"

"రాజాజ్ఞ వచ్చింది తల్లీ. మంత్రి తెచ్చాడు. పంజా ముద్ర ఉంది. నా దగ్గర ఆధారం ఉంది." పోగయ్య గూట్లోకి ఎగిరి ఆజ్ఞ తెచ్చి ఆమె ముందు పడేశాడు. "చూడు, నువ్వే చూడు."

గవరమ్మ గిట్టతో ఆకు చదును చేసి, చదివింది. పైకే చదివింది.

"ఈ అమావాస్య నుంచి గేదెలన్నీ దిగువ మడుగులోనే పొర్లాలి. ఎగువ మడుగు నీళ్లు రాజుగారి తాగుడుకు. ఇట్లు, పులిరాజు."

ఏటి గాలికి ఆకు రెపరెపలాడింది. పోగయ్య తల వంచి మొట్టమొదటిసారి ఇంకొకరి రాతను చూశాడు. గేదెలు, మడుగు, పొర్లాలి. అంతే ఉంది. తన పేరే లేదు.

"నేను ఎవరి ఆకూ చదవనని..."

"ఇది నీకిచ్చిన ఆకే కదా! నీ చేతికిచ్చింది నువ్వు చదువుకోవడానికేం రోగం? నా ఆకు విప్పడానికి అడ్డురాని నియమం దీన్ని చదవడానికి అడ్డొచ్చిందా?"

"చట్టం ఉందిగా," అన్నాడు పోగయ్య చివరికి, రాయి వైపు చూపిస్తూ. "రాజు దగ్గరికి పోదాం. విప్పించినవాడికీ, విప్పిన నాకూ..."

"ఏ రాజు? ఆయన మీసాలకు నా కూతురి నెత్తురు ఇంకా ఆరలేదు. ఆయనా నాకు తీర్పు చెప్పేది?" గవరమ్మ వెనక్కి తిరిగింది. "నేను రాను. నువ్వేం చేసుకుంటావో చేసుకో."

ఆమె వెళ్లాక పోగయ్య చాలాసేపు ఆ రాయి మీదే కూర్చున్నాడు. గవరమ్మ అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. దుప్పి ఆకు విప్పారని పులి కోప్పడదు. మరి పులి ఎప్పుడు కోప్పడుతుంది? ఆ ప్రశ్నకు జవాబు తట్టాక పోగయ్య లేచి ఎగిరాడు.

చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి తెలుసు కదా. దాని రసం బట్టకు అంటితే జన్మలో పోదు, ఒంటికి అంటితే మర్నాటికి బొబ్బలెక్కి నల్లగా మాడుతుంది. పోగయ్య ఆ కాయల్ని ముక్కుతో పొడిచి, రసంలో రెల్లుపోచలు నానబెట్టాడు. కాళ్లకు అంటి మంటలెత్తినా ఆగలేదు. ఆ మంట తనకు దక్కాల్సిందేనని అనుకున్నాడు.

రెండు రోజులకు అవతలి ఒడ్డు నుంచి రాజుగారి తమ్ముడి ఆకు వచ్చింది, అన్నగారి పేరున. జంబన్న చెప్పిన కుట్ర మాటెలా ఉన్నా, అన్నదమ్ములు ఆకులు రాసుకుంటూనే ఉన్నారు. అవతల వేసిన మామూలు ముడి తోవలో వదులైందని ఓబులు చెప్పాడు. పోగయ్య పాత పోచ తీసేసి జీడిపోచతో కట్టి, కొసను వదులుగా వేలాడదీశాడు. జంబన్న వాసన పట్టినట్టు వచ్చాడు.

"ఇది ఎవరిది?"

"రాజుగారిదండి. దీన్ని మీరు అడగరులెండి."

జంబన్న అటూ ఇటూ చూశాడు. "ఎందుకడగను? మంత్రికి తెలియని మాట రాజుకు తెలిస్తే ఇక మంత్రెందుకు? విప్పు."

"నా ముక్కు నొప్పిగా ఉందండి, ఇన్ని రోజులుగా ఆపకుండా విప్పీ కట్టీ. వదులుముడే వేశాను. ఆ కొస పంటితో లాగితే వచ్చేస్తుంది. మళ్లీ నేను కట్టేస్తాను."

జంబన్న కొస పట్టి లాగాడు. రాలేదు. పెదాలతో నలిపి, నాలుకతో తడిపి, గట్టిగా లాగాడు. ఊడింది. పోగయ్య ఈసారి ఏటి వైపు తిరగలేదు. నక్క మొహమే చూస్తూ కూర్చున్నాడు.

చదువుతూ చదువుతూ జంబన్న నవ్వాడు. "ముసలాయన కోరలు కదులుతున్నాయటోయ్! పై కోర ఊడేలా ఉందని తమ్ముడి దగ్గర మొరపెట్టుకున్నాడట. ఇన్నాళ్లూ నా ముందు ఎంత దాచాడు! ఇంకొక్క ఎండాకాలం ఆగితే చాలు, ఎవరు ఎవరికి మిగిల్చింది తింటారో చూద్దాం."

పోగయ్య మంచి పోచ తెచ్చి ఆకు మళ్లీ కట్టాడు. రాజుగారి ఆకును గుహకు చేర్చేది కూడా ఓబులే.

మర్నాడు మిట్టమధ్యాహ్నం గుహ ముందు పులిరాజు కొలువుతీరి ఉన్నాడు. ఆకు ఆయన పంజా కింద ఉంది. అప్పుడే చదివినట్టున్నాడు, మొహం ముడుచుకుని ఉంది. పక్కనే జంబన్న, మూతికి తడి బురద పూసుకుని.

"నీకేమైందిరా?"

"తేనెటీగలు కుట్టాయి ప్రభూ."

పోగయ్య ఎదురుగా రాతి మీద వాలాడు. "తేనెటీగలు కావు ప్రభూ. బురద కడిగించండి. నిన్న తమ ఆకుకు నేను జీడిపోచతో ముడి వేశాను. దాన్ని పంటితో లాగినవాడి మూతి ఈపాటికి మాడి ఉండాలి. చూడండి, పోచ తడిపిన నా కాళ్లూ అలాగే ఉన్నాయి."

జంబన్న వెనక్కి అడుగు వేశాడు. పులిరాజు ఒక్క పంజాతో అతని మెడ నొక్కి పట్టి, ఇంకో పంజాతో బురద తుడిచాడు. ముక్కు కొన నుంచి పెదాల దాకా నల్లగా, బొబ్బలు కట్టి ఉంది.

రాజు ఆ నోటిని చూశాడు. తర్వాత, తనకు తెలియకుండానే, పంజాతో తన నోరు మూసుకున్నాడు.

"చదివావా?"

"ప్రభూ, రాజ్యక్షేమం కోసం..."

ఆ మాట పూర్తి కాలేదు. మెడ విరిగిన చప్పుడు చిన్నదే. గుహ పైన కూర్చున్న కాకులు మాత్రం సర్దుకుని కిందికి చూశాయి.

పోగయ్య మళ్లీ నోరు విప్పాడు. వచ్చిన పని అంతటితో అయిపోలేదని అనుకున్నాడు. అక్కడే పొరపాటు చేశాడు. "ప్రభూ, తమ ఆకు ఒక్కటే కాదు. దుప్పి గవరమ్మ ఆకు కూడా ఇలాగే విప్పించాడు. దానివల్లే వెదురుపొదల దగ్గర దాని కూతురు..."

"ఏ గవరమ్మ?" అన్నాడు పులిరాజు. అంతలో గుర్తొచ్చి మూతి నాక్కున్నాడు. "ఓహో, అదా! గాలి వాసన పట్టి కనిపెట్టానని కోతలు కోశాడు వెధవ. ఆకు చదివా కనిపెట్టింది?" కాసేపు పోగయ్యను ఎగాదిగా చూశాడు. చూపులో కోపం లేదు, అదే భయంకరంగా ఉంది. "నీ ముడి విప్పి మళ్లీ కట్టినా ఎవరికీ తెలియదన్నమాట. బాగుంది. నాకా పరుగెత్తే వయసు పోయింది. రేపటి నుంచి ఆకులన్నీ ముందు ఇక్కడికి తీసుకురా. నువ్వే విప్పు, నువ్వే కట్టు."

"ప్రభూ, తాతగారి చట్టం... రాజైనా సరే పరుల ఆకు..."

"చట్టం అమలు చేశాను కదా, కనపడలేదా?" అని పులిరాజు నక్క శవాన్ని కాలితో అవతలికి నెట్టాడు.

"చిత్తం," అన్నాడు పోగయ్య. ఇంకేమంటాడు?

తిరిగి వచ్చేసరికి పొద్దు ఇంకా ఉంది. మద్దికొమ్మ మీద వాలలేదు. నేరుగా రాయి మీదికి దిగాడు. చట్టం చెక్కిన అక్షరాల పక్కన, రాయి బాగా గరుకుగా ఉన్నచోట, ముక్కును ఎత్తి కొట్టాడు. నెత్తురొచ్చింది. మళ్లీ కొట్టాడు. మూడోసారికి పై ముక్కు కొస విరిగి నీళ్లలో పడింది. ముడి వేసే ముక్కు అది. గూడు అల్లే ముక్కూ, గింజ ఒలిచే ముక్కూ అదే.

మర్నాడు కుందేలు వచ్చింది, అడవిపంది వచ్చింది, ఓబులు వచ్చాడు. పోగయ్య మొహం ఎత్తి చూపించాడు.

"ఇక్కడ ముడి లేదు. నా ముడి ఉందని ఎవరైనా ఆకు తెచ్చిస్తే నమ్మకండి. చెప్పుకోవాల్సింది మీరే ఏరు దాటి వెళ్లి చెప్పుకోండి."

దివాణం నుంచి కబురొస్తే వెళ్లాడు. రాజు ముక్కు చూసి, ఛీ అని, ఇక దీనితో పనేముందని పొమ్మన్నాడు. ఓబులు మెడలో మూట తాడు తీసేసి మేతకు పోయాడు. ఒడ్డుకూ ఒడ్డుకూ మధ్య కబుర్లు ఆగిపోయాయి. అవతల ఎవరు కన్నారో, ఎవరు పోయారో ఇవతల తెలియకుండా పోయింది.

గింజ ఒలుచుకోలేక పోగయ్య చిక్కిపోయాడు. రాయి పక్కనే ముడుచుకుని ఉండగా ఒకనాడు గవరమ్మ నీళ్లకు వచ్చింది. అతని ముక్కు చూసింది. తాగడం అయ్యాక, నోటితో పీకిన మెత్తటి పాలకంకి ఒకటి అతని ముందు వదిలింది. క్షమించానని మాత్రం అనలేదు.

"నీ చేతికొచ్చింది నువ్వు చదువుకునుంటే బాగుండేదన్నా," అని వెళ్లిపోయింది.

ఒకరి ఉత్తరం విప్పి చదివినవాడి పాపంలో, విప్పి ఇచ్చి 'నేను చదవలేదుగా' అన్నవాడిది సగం.